మలంచా అంగడికి హేమంతం ఏమి తెస్తుంది? బంగాళాదుంప నుంచి ఈత బెల్లం వరకు

తెలుగువారి వంటింట్లో అనునిత్యం వినిపించే ఒక పేరులో బెంగాల్ ఉన్నది. ఆలుగడ్డ అనీ, ఉర్లగడ్డ అనీ ప్రాంతాన్ని బట్టి పిలుచుకునే కూరగాయకు కోస్తా జిల్లాలలో స్థిరపడిన పేరు బంగాళాదుంప. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివెళ్ళి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ పేరు అక్షరాలా నిజం. మలంచా వంటి పేటలలో నివసించే వారికి ఆ దుంప పండే పొలాలు సొంత జిల్లాలోనే ఉన్నాయి.

దసరా, కాళీపూజ వెళ్ళి ఉదయపు మంచు మొదలైతే ఈ రైల్వే పట్టణంలో అంగడి రూపం మారుతుంది. వర్షాకాలమంతా బుట్టలను ఆక్రమించిన పొట్ల, బీర, పొటోల్ వెనక్కి తగ్గుతాయి. వాటి స్థానంలోకి కాలీఫ్లవర్, క్యాబేజీ, చిక్కుడు, ముల్లంగి, పాలకూర, పచ్చిబఠాణీ, కొత్తిమీర ఒక్కొక్కటిగా వస్తాయి. ఆ తరువాత కొత్త దుంప, కొత్త బియ్యం, ఈత బెల్లం, రేగుపళ్ళు. ఇవి ఎక్కడి నుంచి, ఏ వరుసలో వస్తాయి? వీటి కోసం ఇంతగా ఎదురుచూడడం ఎందుకు? కొనేవారికి సంబరమైన ఈ రుతువు పండించేవారికి ఏ మేరకు లాభసాటి?

పట్టాల వెంట వచ్చిన వంట

ఖరగ్‌పూర్‌లో తెలుగువారి ఉనికికి మూలం రైలు మార్గం. విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పు తీరపు రైలు మార్గం 1893, 1896 సంవత్సరాల మధ్య దశలవారీగా ప్రారంభమైనది. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో విలీనమైనది. దానితో నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు ఖరగ్‌పూర్ ఒకే రైల్వే సంస్థ పరిధిలోని పని ఊరు అయినది. వర్క్‌షాపులోనూ, లోకో షెడ్డులోనూ, పట్టాల మీదా పని కోసం వచ్చినవారు తరతరాలుగా ఇక్కడే ఉండిపోయారు. 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారంతో ఒకప్పుడు ప్రపంచంలోనే ప్రథమ స్థానంలో నిలిచిన ఈ స్టేషన్ చుట్టూ తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పిస్తూ నిర్ణయం తీసుకున్నప్పుడు అందులో ప్రధానంగా ప్రస్తావనకు వచ్చిన పట్టణం ఖరగ్‌పూరే.

భాష బడిలోనూ, గుడిలోనూ నిలబడినట్లే అంగడిలోనూ నిలబడుతుంది. ఒకే కూరను బెంగాలీలో అడిగి, ఇంట్లో తెలుగులో వండుకోవడం ఇక్కడి నిత్యకృత్యం. షిమ్ అని కొన్నది ఇంటికి చేరేసరికి చిక్కుడు అవుతుంది, బేగున్ వంకాయ అవుతుంది, పెయాజ్‌కోలి ఉల్లికాడ అవుతుంది.

ఎర్రమట్టి ఒకవైపు, ఒండ్రుమట్టి మరొకవైపు

ఖరగ్‌పూర్ అంగడికి ఉన్న ప్రత్యేకతను భూగోళం వివరిస్తుంది. పట్టణానికి పడమరగా సాగితే ఎర్రని లేటరైట్ నేల, సాల వృక్షాల అడవి, ఝార్‌గ్రామ్ వైపు జంగల్‌మహల్. తూర్పుగా సాగితే నదులు మేటవేసిన ఒండ్రు నేల, నీటి వసతి ఉన్న కూరగాయల తోటలు. ఈ రెండింటి హద్దు మీద పట్టణం ఉన్నది. ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ మధ్య ప్రవహించే కంసావతి నదిని స్థానికులు కాసాయి అంటారు. వరద తీసిన తరువాత ఇటువంటి నదుల ఒడ్డున మిగిలే మెత్తని నేల శీతకాలపు కూరగాయలకు అనుకూలం.

అందువల్లనే వర్షాకాలంలో సాల అడవి పుట్టగొడుగులు, వేసవి ముంగిట విప్పపూలు పడమటి దిక్కు పంట కాగా, శీతకాలపు కాయగూరలూ, పువ్వులూ ప్రధానంగా తూర్పు దిక్కు పంట. హౌరా మార్గంలోని పాంశ్‌కుడా, కోలాఘాట్ ప్రాంతాలు బంతి, చామంతి సాగుకు పేరుపొందాయి. కూరగాయలైనా పూలైనా తెల్లవారకముందే రైలులోనూ, చిన్న వ్యానులలోనూ పట్టణాలకు చేరుతాయి. లోకల్ రైళ్ళలో సరుకు గంపలతో ప్రయాణించే చిరువ్యాపారుల కోసం ప్రత్యేక పెట్టెలు ఉండడం ఈ వ్యాపారం ఎంతగా పట్టాల మీద ఆధారపడినదో తెలుపుతుంది.

కొత్త దుంప కోసం నిరీక్షణ ఎందుకు?

దుంప ఏడాది పొడవునా దొరికేదే. అయినా కొత్త దుంప కోసం ఎదురుచూడడానికి రుచికి సంబంధించిన శాస్త్రీయ కారణం ఉన్నది. పశ్చిమ బెంగాల్‌లో ప్రధాన పంటను ఫిబ్రవరి, మార్చి నెలలలో తవ్వి శీతల గిడ్డంగులకు చేరుస్తారు. మార్చిలో నింపిన గిడ్డంగిని నవంబరు చివరికి ఖాళీ చేయడం ఆనవాయితీ. మొలకలు రాకుండా ఉండేందుకు అక్కడ ఉష్ణోగ్రతను రెండు నుంచి నాలుగు డిగ్రీల సెల్సియస్ వరకు తగ్గిస్తారు. ఆ చలిలో దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అందుకే ఆశ్వయుజ, కార్తీక మాసాలలో వండిన దుంపకూర కొద్దిగా తియ్యగా ఉంటుంది, వేపుడు త్వరగా నల్లబడుతుంది. నేల నుంచి నేరుగా వచ్చిన దుంపకు ఆ తీపి ఉండదు. తొక్క పలుచగా ఉండి వేలితో రాస్తేనే ఊడివస్తుంది.

డిసెంబరులో మొదట కనిపించేవి త్వరగా ఊరే పొఖ్‌రాజ్ వంటి రకాలు, పంజాబ్ నుంచి వచ్చే సరుకు. బెంగాల్ వినియోగదారులు మక్కువ చూపే చంద్రముఖి, జ్యోతి రకాలు తరువాత వస్తాయి. ఈ రెండూ సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ రూపొందించినవి. వాటి పూర్తి పేర్లలో ముందుండే కుఫ్రీ సిమ్లా సమీపంలోని ఊరి పేరు. చంద్రముఖి సుమారు 80 రోజులలో చేతికి వస్తుంది, జ్యోతికి మరికొంత సమయం పడుతుంది. మంట మీద త్వరగా మెత్తబడే చంద్రముఖికి ధర ఎక్కువ పలుకుతుంది. నిల్వకు, దిగుబడికి జ్యోతి రైతు ఎంపిక.

కొత్త దుంప ఎక్కువకాలం నిల్వ ఉండదు కనుక అవసరమైనంతే కొనుక్కోవడం మేలు. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారిన భాగంలో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. అటువంటి దుంపలను వాడకపోవడమే మంచిది.

రైతు ఆడే పందెం

దేశంలో బంగాళాదుంప ఉత్పత్తిలో ఉత్తరప్రదేశ్ తరువాతి స్థానం పశ్చిమ బెంగాల్‌ది. హుగ్లీ, బర్ధమాన్‌లతో పాటు పశ్చిమ మేదినీపూర్‌లోని గఢ్‌బేతా, చంద్రకోణా ప్రాంతాలు ఈ పంటకు ప్రసిద్ధి. అమన్ వరి కోసిన వెంటనే, నవంబరు మధ్య నుంచి దుంప నాటుతారు. అంటే వరి కోత ఆలస్యమైతే దుంప ఆలస్యమవుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగువన ఉన్నప్పుడే దుంప బాగా ఊరుతుంది కనుక, బెంగాల్ దక్షిణ భాగపు పొట్టి శీతకాలంలో ఒక్కొక్క వారం విలువైనదే.

విత్తన దుంపలో అధిక భాగం పంజాబ్ నుంచి రావాలి. విత్తనం, ఎరువు కలిసి తొలి పెట్టుబడిని పెంచుతాయి. నాటిన కొత్తలో భారీ వర్షం కురిస్తే ఆ విత్తనం మట్టిలోనే కుళ్ళిపోతుంది. 2021 డిసెంబరు తొలివారంలో జవాద్ తుఫాను బలహీనపడిన తరువాత కురిసిన వానలకు దక్షిణ బెంగాల్‌లో కొత్తగా నాటిన పొలాలు నీట మునిగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటింది. ఆంధ్ర తీరాన వరిని నేలకొరిగించిన ఆ తుఫాను ప్రభావపు వర్షాలు బెంగాల్ దుంప రైతులనూ నష్టపరిచాయి. శ్రీకాకుళం పొలంలో బంధువు వరికుప్ప తడిసిన వారంలోనే ఖరగ్‌పూర్ అంగడికి రావలసిన దుంప వెనుకబడడం కాకతాళీయం కాదు. బంగాళాఖాతం రెండు తీరాలకూ ఒక్కటే.

వాన తప్పినా పొగమంచు ఉన్నది. రోజుల తరబడి మబ్బు, తేమ, చలి కలిస్తే ఆకుమాడు తెగులు వ్యాపిస్తుంది. 1845 నుంచి ఐర్లండ్‌లో ఘోర కరువుకు దారితీసిన తెగులు ఇదే. ఇన్ని గండాలు గడిచి పంట విరగపండితే మరొక కష్టం: అందరి దుంపా ఒకేసారి బయటికి వచ్చి ధర పడిపోతుంది. కొరత ఏర్పడినప్పుడు మాత్రం ప్రభుత్వం వినియోగదారుల పక్షాన జోక్యం చేసుకోవలసి వస్తుంది. 2024లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇతర రాష్ట్రాలకు దుంప తరలింపును నియంత్రించినప్పుడు రాష్ట్రంలో ధర అదుపునకు అది ఉద్దేశించినది. అదే సమయంలో ఒడిశా అంగళ్ళలో ధర పెరిగింది, బెంగాల్ వ్యాపారులు సమ్మెకు దిగారు. గృహిణికి ఊరట, రైతుకు గిట్టుబాటు రెండూ ఒకే ధరలో ఇమడడం ఎంత కష్టమో ఆ ఏడాది చూపింది.

ఈత చెట్టు ఇచ్చే బెల్లం

బెంగాల్ శీతకాలానికి మరొక గుర్తు నొలెన్ గుర్. దీనిని ఖర్జూర బెల్లం అని అనువదించడం అలవాటు. ఆ చెట్టు మాత్రం అరబ్బు దేశాల ఖర్జూరం కాదు. తెలుగు పల్లెల గట్ల మీద కనిపించే ఈత చెట్టే. తెలుగునాట కల్లుకు పేరుపొందిన అదే చెట్టు బెంగాల్‌లో బెల్లానికి పేరుపొందింది. తేడా చెట్టులో లేదు, వేళలో ఉన్నది. రసం దించి ఎండ ఎక్కేవరకు ఉంచితే పులిసి కల్లు అవుతుంది. సూర్యోదయానికి ముందే దించి వెంటనే కాచితే బెల్లం అవుతుంది.

చెట్టు పైభాగంలో ఒక పక్క మట్టలు తొలగించి, మెత్తని కాండాన్ని పలుచగా చెక్కి, సాయంకాలం కుండ కట్టే పనివారిని శియులీలు అంటారు. వరుసగా కోసిన తరువాత చెట్టుకు కొన్నిరోజుల విశ్రాంతి ఇస్తారు. విశ్రాంతి అనంతరం తొలి కోతలో వచ్చే రసాన్ని జీరెన్ అంటారు. అది అన్నిటికన్నా తేటగా, తియ్యగా ఉంటుంది. రాత్రి చలి ఎంత బాగుంటే రసం అంత నిలకడగా ఉంటుంది. వెచ్చని రాత్రులలో కుండలోనే పులుపు మొదలవుతుంది. రమారమి పది లీటర్ల రసాన్ని గంటల తరబడి కాచితే మిగిలే బెల్లం ఒక కిలో. పాకంగా ఉన్నది ఝోలా, అచ్చులో పోసినది పాటాలీ.

చెట్టు ఎక్కే పని ప్రమాదకరమైనది, కొద్ది నెలలకే పరిమితమైనది. కట్టెల ఖర్చు తోడవుతుంది. అందువల్ల శియులీల తరువాతి తరం ఈ వృత్తిలోకి రావడం తగ్గుతోంది. గట్ల మీద ఈత చెట్లూ తగ్గుతున్నాయి. గిరాకీకి సరిపడా రసం లేనిచోట చక్కెర కలుస్తుంది. చక్కెర కలిసిన అచ్చు రాయిలా గట్టిగా ఉండి, విరిచినచోట పలుకులు మెరుస్తాయి. అసలైన పాటాలీ చేతితో సులువుగా విరుగుతుంది, నోట్లో మెత్తగా కరుగుతుంది.

పచ్చి రసం విషయంలో జాగ్రత్త

తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన పచ్చి రసం తాగడం బెంగాల్ పల్లెలలో పాత అలవాటు. దీనిలో ఒక ఆరోగ్య ప్రమాదం ఉన్నది. రాత్రివేళ కుండ దగ్గర చేరే పండ్ల గబ్బిలాల లాలాజలం, మూత్రం ద్వారా నీపా వైరస్ రసంలో కలిసే అవకాశం ఉన్నది. బంగ్లాదేశ్‌లో నీపా వ్యాప్తికి పచ్చి ఈత రసం ప్రధాన మార్గాలలో ఒకటని పరిశోధనలు నిర్ధారించాయి. పశ్చిమ బెంగాల్‌లో 2001లో సిలిగుడిలోనూ, 2007లో నదియా జిల్లాలోనూ ఈ వ్యాధి ప్రాణాలు తీసింది. మరిగించిన రసంలో ఈ వైరస్ నశిస్తుంది. కనుక గంటల తరబడి కాచిన బెల్లానికి ఈ భయం లేదు. పచ్చి రసానికి దూరంగా ఉండడం, గబ్బిలాలు కొరికిన పండ్లు తినకపోవడం పాటించవలసిన నియమాలు. కోత మీదా కుండ మూతి మీదా వెదురు తడక కట్టే పద్ధతి గబ్బిలాలను దూరంగా ఉంచుతుంది.

ఒకే రేగుపండు, రెండు పండుగలు

మార్గశిరంలో అమన్ వరి ఇంటికి చేరుతుంది. బెంగాల్‌లో కొత్త బియ్యంతో నవాన్న వేడుక జరుపుకుంటారు. పౌష మాసపు చివరి రోజైన సంక్రాంతికి బియ్యప్పిండి, కొబ్బరి, ఈత బెల్లంతో పిఠేలు, పాటీషాప్టాలు చేస్తారు. అదే రోజు తెలుగు ఇంట కొత్త బియ్యపు పిండితో అరిసెలు వేగుతాయి. జంగల్‌మహల్ పల్లెలలో అది టుసు పండుగ. మూడు వేడుకలకూ ఆధారం ఒకే కొత్త ధాన్యం. ఆ వారంలో పట్టణపు అంగళ్ళలో బియ్యం, బెల్లం, కొబ్బరికి గిరాకీ ఒక్కసారిగా పెరగడానికి కారణం ఇదే.

రేగుపండు విషయంలో మాత్రం ఇరుగుపొరుగు ఆచారాలు భిన్నం. భోగినాడు తెలుగు ఇళ్ళలో పసిపిల్లల తలమీద రేగుపళ్ళు పోసి దిష్టి తీస్తారు. భోగిపళ్ళంటే అవే. బెంగాలీ ఇళ్ళలో సరస్వతీ పూజ జరిగేవరకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలు, రేగుపండు నోట పెట్టరు. పెడితే చదువు రాదని పెద్దల మాట. మాఘ శుద్ధ పంచమి జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఎప్పుడైనా రావచ్చు. అంటే ఒక ఇంట పిల్లల తలమీద నుంచి రాలిన పండు కోసం పక్క ఇంటి పిల్లలు మరికొన్ని రోజుల నుంచి నెలరోజుల వరకు ఆగాలి. పక్కపక్క వాకిళ్ళలో ఈ రెండు ఆచారాలనూ చూస్తూ పెరగడం ఖరగ్‌పూర్ తెలుగు పిల్లలకు దక్కిన అనుభవం.

రూపాయిలో రైతుకు చేరేది ఎంత?

అంగడి ఎంత నిండుగా ఉన్నా, కొనేవారు చెల్లించిన మొత్తం పండించినవారికి చేరదు. పొలం నుంచి ఆడతీదారుకు, అతని నుంచి టోకు వ్యాపారికి, ఆపైన చిల్లర వ్యాపారికి సరుకు చేతులు మారుతుంది. రవాణా, తరుగు, కూలి, లాభం ఒక్కొక్క మెట్టు దగ్గర కలుస్తాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారు చెల్లించే ప్రతి రూపాయిలో రైతుకు దక్కేది టమాటాకు 33 పైసలు, ఉల్లికి 36 పైసలు, బంగాళాదుంపకు 37 పైసలు.

ఈ అంతరాన్ని తగ్గించడానికి తెలుగునాట జరిగిన ప్రధాన ప్రయత్నం రైతుబజారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఇవి ప్రారంభమయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు దళారి లేకుండా స్వయంగా అమ్ముకోవడం, ఆనాటి ధరలను బల్ల మీద రాసి ప్రదర్శించడం వీటి ప్రత్యేకత. అదే ఏడాది నవంబరు 14న మదురైలో తమిళనాడు ప్రభుత్వం ఉళవర్ సందై పేరుతో ఇటువంటి అంగడిని తెరిచింది. పశ్చిమ బెంగాల్ 2014లో సుఫల్ బాంగ్లా పథకాన్ని చేపట్టింది. ఇందులో పద్ధతి వేరు. రైతు అంగడికి రావడానికి బదులు, ప్రభుత్వ విభాగం రైతుల వద్ద సరుకు కొని దుకాణాల ద్వారా, వాహనాల ద్వారా పట్టణవాసులకు అమ్ముతుంది.

రెండు పద్ధతులకూ పరిమితులు ఉన్నాయి. రోజంతా అంగట్లో కూర్చునే రైతు ఆ రోజు పొలం పని వదులుకోవాలి. ప్రభుత్వమే కొనే పద్ధతిలో ఆ పని తప్పుతుంది గాని, కొనుగోలు ఎంత ఉంటే మేలు అంతే. ఇవి రెండూ అందని చోట వారపు సంత, వీధి చివర గంప ముందు కూర్చునే చిరువ్యాపారి మిగులుతారు. నేరుగా పొలం నుంచి తెచ్చుకుని అమ్మేవారి వద్ద కొంటే చెల్లించిన దానిలో ఎక్కువ భాగం పల్లెకు చేరుతుంది.

మాఘం దాటిన తరువాత

శీతకాలపు పంట తెరచాటుకు వెళ్ళేసరికి మునగ పూస్తుంది. ఏడాది పొడవునా కాసే పీకేఎం-1 వంటి రకాలకు అలవాటుపడిన దక్షిణాది కుటుంబాలకు బెంగాల్ పెరటి మునగ రుతువును గుర్తు చేస్తుంది. ఫిబ్రవరిలో పువ్వు, తరువాత లేతకాయ, వేసవికి ముదురుకాయ. పువ్వును సైతం వండుకోవడం బెంగాలీల అలవాటు. లేత వేపాకుతో వంకాయ వేయించడం వారి వసంతపు భోజనం. కొద్ది వారాలకు ఉగాది పచ్చడి కోసం తెలుగు ఇళ్ళు వెతికేది అదే చెట్టు పువ్వును.

అంతవరకు వరుస ఇది: నవంబరులో ఆకుకూరలు, తొలి కాలీఫ్లవర్, డిసెంబరులో చిక్కుడు, బఠాణీ, తొలి దుంప, బెల్లం, జనవరిలో కొత్త బియ్యపు పండుగలు, రేగుపళ్ళు, ఫిబ్రవరి నుంచి జ్యోతి, చంద్రముఖి దుంపల రాక. ధర సాధారణంగా దిగివచ్చేది పంట మధ్యకాలంలో. తొలి సరుకు కోసం తొందరపడని ఇంటికి ఖర్చు తగ్గుతుంది. నాటిన నెలలో తుఫాను రాకుండా, పూతవేళ పొగమంచు నిలవకుండా గడిస్తే, మలంచా వంటింట్లో ఈసారి కూడా బంగాళాదుంప తన పేరుకు తగిన నేల నుంచే వస్తుంది.